ఒత్తిడి పరిశోధనలను తెలుగులో అందించే సంస్థ: రిజిస్ట్రేషన్ నుంచి మొదటి కరపత్రం దాకా మా అనుభవం

ఒక డాక్టరు, ఒక స్టాటిస్టిక్స్ లెక్చరరు, ఇద్దరు పాత్రికేయులు, ఒక ఫార్మసిస్టు కలిసి 2023 జనవరిలో హైదరాబాద్‌లో లాభాపేక్ష లేని సంస్థ పెట్టాలనుకున్నాం. ఒత్తిడి ఒంటిని ఏం చేస్తుందో చెప్పే పరిశోధనలను సరిచూసి, తేలిక తెలుగులో ఉచితంగా పంచడం మా పని. మొదటి కరపత్రం జనం చేతికి వెళ్లేసరికి 2024 ఫిబ్రవరి వచ్చింది. మధ్యలో ఎక్కడ ఆలస్యమైందో, డబ్బు ఎక్కడ ఖర్చయిందో, ఏది చిక్కు పెట్టిందో వరసగా రాస్తున్నాం. ఇలాంటి పని తలపెట్టినవాళ్లకు అక్కరకొస్తుంది.

జనవరి అంతా ఒకే ప్రశ్న మీద గడిచింది: ట్రస్టా, సొసైటీయా, సెక్షన్ 8 కంపెనీయా (కంపెనీల చట్టం కింద పెట్టే లాభాపేక్ష లేని కంపెనీ)? ట్రస్టు అన్నిటికంటే తేలిక. డీడ్ రాయించి సబ్ రిజిస్ట్రార్ దగ్గర రిజిస్టర్ చేయిస్తే సరిపోతుంది. సొసైటీకి కనీసం ఏడుగురు సభ్యులుండాలి. సెక్షన్ 8 కంపెనీకి ఇద్దరు డైరెక్టర్లు చాలు కానీ ఏటా ఫైలింగులు తప్పవు. అయినా మేం దాన్నే ఎంచుకున్నాం. లెక్కలూ డైరెక్టర్ల వివరాలూ ప్రభుత్వ పోర్టల్‌లో ఎవరైనా తీసి చూసుకోవచ్చు. ఆరోగ్యం గురించి మాట్లాడే సంస్థను జనం నమ్మాలంటే ఆ తలుపు తెరిచి ఉండాలని మా అభిప్రాయం. ఏటా ఫైల్ చేసే ఏఓసీ-4 (లెక్కలు), ఎంజీటీ-7 (వార్షిక రిటర్ను) ఫారాలు ఆలస్యమైతే ఒక్కో ఫారానికి రోజుకు 100 రూపాయలు పడుతుంది, దానికి గరిష్ఠ పరిమితి లేదు. ఈ దారి పట్టేవాళ్లు ముందే ఒక కంపెనీ సెక్రటరీని మాట్లాడుకోవాలి. మాకు రిజిస్ట్రేషన్ పనికి ఫీజు దాదాపు 15 వేలు అయింది. డైరెక్టర్ల డిజిటల్ సంతకాలకు తలా రెండు వేల లోపు పడింది.

ఫిబ్రవరిలో పేరు. కంపెనీ రిజిస్ట్రేషన్‌కు వేసే స్పైస్ ప్లస్ ఫారం మొదటి భాగంలో రెండు పేర్లు ఇవ్వొచ్చు, ఫీజు 1,000 రూపాయలు. సెక్షన్ 8 కంపెనీ పేరులో ఫౌండేషన్, ఫోరం, అసోసియేషన్ లాంటి మాట ఒకటి ఉండాలి. మేం ఇచ్చిన రెండు పేర్లూ మొదట వెనక్కి వచ్చాయి, ఒకటి నమోదైన ట్రేడ్‌మార్కును పోలి ఉందని, ఇంకొకటి మరీ సాధారణంగా ఉందని. పేరు పెట్టే ముందు కంపెనీల జాబితాతో పాటు ట్రేడ్‌మార్కుల పోర్టల్‌లో కూడా వెతకాలి. పేరు ఖాయమయ్యాక అది 20 రోజులే మనది. ఆలోగా రెండో భాగం వేయాలి, లేదా అదనపు ఫీజు కట్టి గడువు పెంచుకోవాలి. రెండో భాగానికి ఆఫీసు చిరునామా రుజువు, ఇంటి యజమాని అంగీకారం, డైరెక్టర్ల డిక్లరేషన్లు, వచ్చే మూడేళ్ల ఆదాయ వ్యయాల అంచనా కావాలి. అందరికీ కొత్తగా అనిపించేది ఆ చివరిదే. రూపాయి రాకముందే మూడేళ్ల లెక్క రాయాలి. ఇవన్నీ సిద్ధం చేసుకున్నాకే పేరుకు దరఖాస్తు పెట్టడం మేలు.

సంస్థ ఏ పని కోసమో రాసే ఉద్దేశాల క్లాజు దగ్గర మాత్రం తొందరపడకూడదు. అప్పుడు అమల్లో ఉన్న 1961 నాటి ఆదాయపన్ను చట్టం సెక్షన్ 2(15) ప్రకారం దాతృత్వమంటే పేదలకు సాయం, విద్య, వైద్య సాయం మొదలైనవి, చివరన సాధారణ ప్రజోపయోగం. అవగాహన పని చేసేవాళ్లం కాబట్టి విద్య కిందికి వస్తామని చాలామంది అనుకుంటారు. కానీ 2022 అక్టోబరు 19న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పులో విద్య అంటే పాఠశాల, కళాశాల తరహా క్రమబద్ధమైన బోధన అని తేల్చింది. ఆ కేసు ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్లిందే. అంటే మనలాంటి సంస్థలు ప్రజోపయోగం కిందికి వస్తాయి, అక్కడ వ్యాపార స్వభావం ఉన్న రాబడి మొత్తం రాబడిలో 20 శాతం దాటకూడదు. ఐటీ కంపెనీల్లో ఒత్తిడి మీద వర్క్‌షాపులు పెట్టి ఫీజు తీసుకుని, ఆ డబ్బుతో కరపత్రాలు వేద్దామన్న మా మొదటి లెక్క ఈ ఒక్క నిబంధనతో తలకిందులైంది. ఆ రోజు అందరం నీరుగారిపోయాం. విరాళాలే దిక్కని అప్పుడే తేలిపోయింది. ఇది ముందే తెలియడం నయం. పన్ను మినహాయింపు పోయాక తెలిస్తే కోలుకోలేం.

మార్చి చివర్లో కంపెనీ సర్టిఫికెట్ వచ్చింది, పాన్, టాన్ (పన్ను కోతకు కావాల్సిన నంబరు) దానితోనే వచ్చాయి. తర్వాత రెండు మూడు వారాల్లో అయిపోతుందనుకున్న బ్యాంకు ఖాతా నెలన్నర తిన్నది. బోర్డు తీర్మానం ఒక తీరుగా రాసుకెళ్తే ఇంకో తీరుగా రాయమన్నారు, డైరెక్టర్లందరి కేవైసీ మళ్లీ అడిగారు, ఆఫీసు చూడటానికి మనిషిని పంపారు. లాభాపేక్ష లేని సంస్థలంటే బ్యాంకులు ఇంకొంచెం జాగ్రత్తగా ఉంటాయి. ఖాతా లేనిదే విరాళం తీసుకోలేం, ఎవరికీ డబ్బు ఇవ్వలేం. ఏ పనీ సాగని ఆ నెలన్నరలోనే మాలో ఇద్దరు చాలిద్దామా అన్నంత దూరం వచ్చారు.

మే నెలలో ఆదాయపన్ను శాఖకు ఫారం 10ఏ రెండుసార్లు వేశాం. ఒకటి 12ఏ (సంస్థ రాబడికి పన్ను మినహాయింపు) కోసం, ఒకటి 80జీ (విరాళమిచ్చేవాళ్లకు పన్ను మినహాయింపు) కోసం. ఫారం చిన్నదే. అందులో సెక్షన్ కోడ్ ఎంచుకునే చోట కళ్లు పెట్టుకుని చూడాలి. అప్పటికి కొత్త సంస్థ ఎంచుకోవాల్సింది తాత్కాలిక నమోదుకు సంబంధించిన కోడ్. పాత సంస్థల కోడ్ నొక్కితే ఆర్డరు వచ్చినా తర్వాత చెల్లకుండా పోతుంది. ఇదే అన్నిటికంటే త్వరగా వచ్చింది, కొద్ది రోజుల్లోనే మూడేళ్ల తాత్కాలిక నమోదు మెయిల్లో పడింది. దాంతో పని అయిపోయిందనుకోకూడదు. అప్పటి నిబంధన ప్రకారం కార్యక్రమాలు మొదలైన ఆరు నెలల్లోపు లేదా తాత్కాలిక గడువు తీరడానికి ఆరు నెలల ముందు, ఏది ముందైతే అప్పుడు ఫారం 10ఏబీ వేసి పూర్తి నమోదు తెచ్చుకోవాలి. స్వచ్ఛంద సంస్థల కోసం నీతి ఆయోగ్ వారు పెట్టిన దర్పణ్ పోర్టల్‌లో నమోదు ఉచితం. ముగ్గురు బాధ్యుల పాన్, ఆధార్ సరిపోలితే చాలు.

ఇక విరాళాలు. 80జీ ఉంది కదా, జనం ఇస్తారనుకున్నాం. కొత్త పన్ను విధానంలోకి వెళ్లిన ఉద్యోగులకు ఆ మినహాయింపు వర్తించదు. నగదుగా 2,000 రూపాయలకు మించి ఇస్తే ఎవరికీ వర్తించదు. అంతకంటే పెద్ద చిక్కు అమెరికాలో ఉన్న మనవాళ్లతో వచ్చింది. ఇండియన్ పాస్‌పోర్టు ఉన్న ఎన్ఆర్ఐ తన సొంత సంపాదన నుంచి బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కాదు. అదే ఇంట్లో అమెరికా పౌరసత్వం తీసుకున్న భార్యో భర్తో, ఓసీఐ (విదేశీ పౌరులైన భారత సంతతివాళ్లకు ఇచ్చే) కార్డు ఉన్నా సరే, పంపితే అది విదేశీ విరాళమే. దానికి ఎఫ్‌సీఆర్ఏ (విదేశీ విరాళాల నియంత్రణ చట్టం) రిజిస్ట్రేషన్ కావాలి. ఆ రిజిస్ట్రేషన్ రావాలంటే సంస్థకు మూడేళ్లు నిండాలి, ఆ మూడేళ్లలో అసలు పని మీద 15 లక్షలు ఖర్చు పెట్టి ఉండాలి, ఢిల్లీ పార్లమెంటు వీధిలోని ఎస్‌బీఐ మెయిన్ బ్రాంచిలో ఖాతా తెరవాలి. డల్లాస్ నుంచి ప్రేమగా పంపుతామన్నవాళ్లను పాస్‌పోర్టు కాపీ అడగాల్సి వచ్చింది. వాళ్లకూ కష్టంగా ఉంది, అడగడానికి మాకూ నోరు రాలేదు. అయినా అడిగి తీరాలి. కాపీ ఫైల్లో పెట్టాకే రసీదు రాయాలి. అప్పటి నిబంధన ప్రకారం ఏటా మే 31లోపు దాతల వివరాలతో ఫారం 10బీడీ వేయకపోతే రోజుకు 200 రూపాయలు రుసుము పడేది.

జులై నుంచి అసలు పని మొదలైంది. ఏ పరిశోధనను తీసుకోవాలన్నది రిజిస్ట్రేషన్ మొత్తం కంటే బరువైన ప్రశ్న. మా పద్ధతి ఇలా కుదిరింది. సారాంశం చదివి ఏదీ ఎంచుకోం, పూర్తి వ్యాసం దొరికితేనే. వ్యాసాలను భద్రపరిచే జొటేరో సాఫ్ట్‌వేర్‌లో చేర్చి ఆ వ్యాసాన్ని ఎవరైనా ఉపసంహరించారేమో చూస్తాం, ఉపసంహరించిన వ్యాసాలను నమోదు చేసే రిట్రాక్షన్ వాచ్ జాబితాలోనూ వెతుకుతాం. లైసెన్సు చూస్తాం. సీసీ బై (రచయిత పేరు చెప్పి వాడుకోవచ్చనే క్రియేటివ్ కామన్స్ లైసెన్సు) అని ఉంటే అనువదించి వేసుకోవచ్చు. చివర ఎన్‌డీ (మార్పులు చేయకూడదని) అని ఉంటే అనువాదం ప్రచురించడానికి వీల్లేదు. పేరున్న పత్రికల పాత వ్యాసాలకు ఏ ఉచిత లైసెన్సూ ఉండదు. అలాంటప్పుడు ఫలితాన్ని మా మాటల్లో రాస్తాం, పటాలూ పట్టికలూ ముట్టుకోం.

మొదటి కరపత్రానికి ఎంచుకున్నది జానిస్ కీకోల్ట్-గ్లేజర్ బృందం 1995లో వైద్య పత్రిక లాన్సెట్‌లో ప్రచురించిన పని. మతిమరుపు జబ్బుతో ఉన్న ఇంటివాళ్లను చూసుకుంటున్న 13 మంది ఆడవాళ్లు, వాళ్ల వయసుకీ ఆదాయానికీ సరిపోయే మరో 13 మంది. అందరి చేతి మీదా 3.5 మిల్లీమీటర్ల చిన్న గాయం చేసి మానే దాకా చూశారు. గాయాన్ని ఫొటోలు తీశారు, దాని మీద హైడ్రోజన్ పెరాక్సైడ్ వేశారు. నురగ రాకపోతే గాయం మానినట్టు. సేవ చేస్తున్నవాళ్లకు సగటున 48.7 రోజులు, మిగతావాళ్లకు 39.3 రోజులు పట్టింది. మంచం పట్టిన అత్తమామలకు, అమ్మానాన్నలకు సేవ చేసేవాళ్లు మన ఊళ్లలో ఇంటికొకరున్నారు. వాళ్ల అలసటకు ఒక కొలత ఉందని చెప్పడం మాకు ముఖ్యమనిపించింది. ఉన్నది 26 మందే అన్న సంగతి కూడా కరపత్రంలో మొదటి పేరాలోనే పెట్టాం. చిన్న అధ్యయనమని చివర్లో చిన్నక్షరాల్లో రాస్తే ఎవరూ చదవరు.

రెండోది గుండెపోటు కారణాలను వెతికిన ఇంటర్‌హార్ట్ అధ్యయనం. 52 దేశాలు, అందులో భారత్ కూడా ఉంది. 2004లో లాన్సెట్‌లో వచ్చిన ఒత్తిడి భాగంలో గుండెపోటు వచ్చిన 11,119 మందిని, రాని 13,648 మందిని పోల్చారు. గడిచిన ఏడాదంతా పనిలో ఒత్తిడి ఉందన్నవాళ్లలో గుండెపోటు అవకాశం రెట్టింపుకు కాస్త పైన తేలింది. ఇక్కడ రెండు గోతులున్నాయి. గుండెపోటు వచ్చాక అడిగారు కాబట్టి, జబ్బు పడ్డ మనిషి వెనక్కి చూసుకుని ఒత్తిడిని ఎక్కువగా గుర్తు చేసుకునే వీలుంది. రెండోది, ఇలాంటి అధ్యయనం నుంచి నూటికి ఎంతమందికి వస్తుందన్న లెక్క రాదు. చిత్తు ప్రతిని బస్తీలో కొందరితో చదివించి, మీకు ఏం అర్థమైందో తిరిగి చెప్పండని అడిగాం. రెండింతలు అన్న మాట చదివి, ఆఫీసులో ఒత్తిడి ఉంటే గుండెపోటు ఖాయమని చెప్పారు. ఆ వాక్యం ఎన్నిసార్లు మార్చినా అదే అర్థం వచ్చింది. చివరికి ఆ అంకె తీసేశాం. సిగరెట్టు, బీపీ, షుగరుతో పాటు ఒత్తిడిని కూడా డాక్టరుతో చెప్పుకోదగ్గ విషయంగా చూడమని రాశాం.

మూడోది చెరకు రైతులది. 2013లో సైన్స్ పత్రికలో వచ్చింది. తమిళనాడులో 464 మంది చెరకు రైతులకు కోతకు ముందు, కోత డబ్బు చేతికొచ్చాక అవే పరీక్షలు పెట్టారు. చేతిలో డబ్బు లేనప్పుడు ఆలోచన పరీక్షల్లో వెనకబడ్డారు. మా చిత్తు ప్రతిలో దీన్ని ఒత్తిడి ఫలితంగా రాస్తే స్టాటిస్టిక్స్ లెక్చరరు పట్టుకున్నారు. కోతకు ముందు రైతులకు ఒత్తిడి ఎక్కువే ఉన్నా, పరీక్షల్లో తేడాకు అది కారణం కాదని వ్యాసం సారాంశంలోనే రాసి ఉంది. మన సంస్థ పేరులో ఒత్తిడి ఉంది కదా అని ప్రతిదాన్నీ ఒత్తిడికే అంటగట్టే ప్రమాదం మనకే ఎక్కువ. అందుకే ప్రతి కరపత్రాన్నీ రాయనివాళ్లు ఒకరు అసలు వ్యాసంతో వాక్యం వాక్యం సరిచూడాలన్న నియమం పెట్టుకున్నాం. నాలుగు పేజీలకు ఇది దాదాపు రెండు వారాల పని.

సెప్టెంబరులో జనంతో పెట్టిన మొదటి అవగాహన సమావేశంలో ఒకాయన అందరూ వెళ్లేదాకా ఆగి అడిగాడు: "సార్, మా ఆమెకి రొమ్ము కేన్సరు. నేను తాగొచ్చి పెట్టిన టెన్షన్‌కే వచ్చిందంటారా?" మా డాక్టరు ఆయన్ను కూర్చోబెట్టి, అలా చెప్పడానికి గట్టి ఆధారం లేదని, ఇప్పుడు ఆమెకు వేళకు చికిత్స అందేలా చూడటం, తాగుడు మానడానికి సాయం తీసుకోవడం ముఖ్యమని చెప్పారు. ఆ మనిషి మొహం మాకు చాలా రోజులు గుర్తుంది. ఒత్తిడికీ కేన్సరుకీ ముడిపెట్టిన రాతలు ఎంత బరువు మోపుతాయో అప్పుడు కళ్లారా చూశాం. ఆ ముడి వేసినవాళ్లలో పేరున్న మనస్తత్వవేత్త హాన్స్ ఐసెంక్ ఒకరు. ఆయన, రోనాల్డ్ గ్రోసార్ట్-మాటిచెక్ కలిసి రాసిన 26 వ్యాసాలు నమ్మదగినవి కావని 2019లో కింగ్స్ కాలేజ్ లండన్ విచారణ తేల్చింది. తర్వాత పత్రికలు వాటిలో కొన్నింటిని ఉపసంహరించుకున్నాయి. అప్పటిదాకా అవి ఎన్నో పుస్తకాల్లోకి వెళ్లిపోయాయి. కేన్సరు మీద వేద్దామనుకున్న కరపత్రాన్ని ఆపేశాం.

డబ్బు అవసరం ముదిరిన సమయానికి, అక్టోబరులో, ఒత్తిడి తగ్గిస్తుందని పొడి అమ్మే ఒక కంపెనీ ముందుకొచ్చింది. ప్రింటింగు ఖర్చంతా పెట్టుకుంటారట, వెనక పేజీలో బీపీ తగ్గుతుందన్న మాటతో వాళ్ల ప్రకటన వేయాలట. 1954 నాటి డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం షెడ్యూల్లో బీపీ, గుండె జబ్బులు, మధుమేహం, కేన్సరు ఉన్నాయి. వాటిని నయం చేస్తామనే మందుల ప్రకటన వేయడం నేరం. చట్టం లేకపోయినా ఒప్పుకునేవాళ్లం కాదు. ఒత్తిడి పరిశోధనకు ఆద్యుడైన హాన్స్ సెల్యే కూడా పొగాకు కంపెనీల డబ్బు తీసుకున్నారని ఆ కంపెనీల లోపలి పత్రాలు బయటికొచ్చాక తెలిసింది. సిగరెట్టు మీద నుంచి దృష్టి మళ్లించడానికి ఒత్తిడి వాళ్లకు బాగా పనికొచ్చింది. ఈ రంగంలో ఎవరి డబ్బు అన్న ప్రశ్న అందుకే తప్పనిసరి. మేం ఎవరి నుంచి ఎంత తీసుకున్నామో ప్రతి కరపత్రం చివర అచ్చువేస్తాం.

డిసెంబరులో ప్రెస్సుకు వెళ్లాం. మేం రాసింది యూనికోడ్‌లో, ప్రెస్సులో ఉన్నది పేజ్‌మేకర్ సాఫ్ట్‌వేరూ, యూనికోడ్ కాని పాత అను ఫాంట్లూ. కన్వర్టర్‌లో వేసి మారిస్తే వత్తులు చెదిరిపోతాయి, పదాల మధ్య కనిపించని విరుపులు పోయి "టెన్షన్‌లో" కాస్తా "టెన్షన్లో" అవుతుంది. వాటినైనా భరించొచ్చు, అంకెలను నమ్మకూడదు. ఒక ప్రూఫులో 48.7 చుక్క ఎగిరిపోయి 487 రోజులైంది. అప్పటి నుంచి అంకెలున్న ప్రతి వాక్యాన్ని ఒకరు పైకి చదువుతుంటే ఇంకొకరు అసలు ప్రతితో సరిచూస్తున్నాం. యూనికోడ్ నేరుగా తీసుకునే ఇన్‌డిజైన్ ఉన్న ప్రెస్సు దొరికితే నాలుగు డబ్బులు ఎక్కువైనా అక్కడికే వెళ్లండి. అక్షరం 14 పాయింట్లకు తగ్గితే నలభై అయిదు దాటినవాళ్లు చదవట్లేదు. మడత పెట్టిన నాలుగు పేజీలు, రెండు రంగులు, వెయ్యి ప్రతులకు దాదాపు ఏడు వేలు అయింది. వెనక పేజీలో ప్రకటన బదులు ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ నంబరు 14416 పెద్ద అక్షరాల్లో వేశాం. తెలుగులోనూ మాట్లాడతారు, ఉచితం.

ప్రభుత్వ ఆసుపత్రుల్లో పెట్టాలంటే జిల్లా వైద్యాధికారి అనుమతి కావాలి. దరఖాస్తు నవంబరులోనే ఇచ్చి ఉంచాం కాబట్టి ఫిబ్రవరికి లేఖ చేతికొచ్చింది. కరపత్రం నమూనా, డైరెక్టర్ల జాబితా, ప్రకటనలు లేవన్న హామీ జతచేయాలి. కౌంటరు మీద పెట్టిన కట్టలు అలాగే ఉండిపోయాయి. బీపీ చూసే బల్ల పక్కన పెట్టినవి వారంలో అయిపోయాయి, అక్కడ జనం కొలిచే ముందు అయిదు నిమిషాలు కూర్చోవాలి కాబట్టి చదివే తీరిక దొరుకుతుంది. ఒక ఆశా కార్యకర్త, మంచాన ఉన్న అత్తను చూసుకునే తన పొరుగామె కోసం ఇంకో రెండు అడిగి తీసుకుంది. ఆ కబురు విన్న సాయంత్రం మా గ్రూపులో అందరికీ కడుపు నిండినట్టయింది.

10ఏబీ డిసెంబరులో వేశాం. మార్చిలో ఆదాయపన్ను శాఖ నుంచి ప్రశ్నలొచ్చాయి: కార్యక్రమాల ఫొటోలు, బిల్లులు, ఎవరికి లబ్ధి అన్న వివరణ. జవాబుకు ఇచ్చిన గడువు కొద్ది రోజులే. ప్రతి కార్యక్రమానికి తేదీ, చోటు, హాజరు, ఖర్చు ఒకే షీటులో రాసుకుంటూ రావడం వల్ల గడువులోనే పంపగలిగాం. మేలో పూర్తి నమోదు వచ్చింది. ఇప్పుడు ప్రతి కరపత్రం కింద తయారీ తేదీ, పునఃపరిశీలన తేదీ రెండూ ఉంటాయి. ఆ రెండో తేదీ నాటికి వ్యాసం నిలిచి ఉందో లేదో మళ్లీ వెతికాకే కొత్త ప్రతులు వేస్తాం. నిలవకపోతే మిగిలినవాటిని బీపీ బల్లల దగ్గర నుంచి వెనక్కి తెప్పించడానికి ఏ కేంద్రంలో ఎన్ని పెట్టామన్న లెక్క ఫార్మసిస్టు గారి దగ్గర ఉంటుంది.